కుడికాలు

ఇరవై రెండేండ్లు సిటీ బస్సు నడిపిన.
ఎవరన్న రోడ్డుపక్క చెయ్యెత్తితే చాలు
కాలు తనంతట తనే బ్రేకు మీదికి పోయేది,
నన్ను అడిగేది కాదు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దాటినంక
స్టాపు లేని చోట, ఫ్లైఓవర్ పిల్లరు నీడల
నిలబడేది నర్సుబాయి.
నెత్తిన బంతిపూల గంప,
చంకల మడతపెట్టిన గోనెసంచి.
పొద్దుగాల ఐదు పదికి.
ఆపేటోణ్ణి. కోఠిల దిగేటప్పుడు
బానెట్ మీద ఒక పువ్వు పెట్టి పోయేది.
అది జీతంల రాసేది కాదు,
కోతల పోయేది కాదు.

ఒక ఏడు డిపోల బోర్డు పెట్టిన్రు:
డీజిలు పొదుపు చేసినోళ్లకు నెలకు ఐదువందలు,
పేరు సుద్దముక్కతోని పెద్దగ.
ఒక్కపారి ఆపి లేపితే ఇంత చమురు పోతదని
మేనేజరు సాబ్ చూపుడువేలి కొసను
బొటనవేలితో కొలిచి చూపిండు.

నేను ఆశపోతును కాను.
చిన్నదానికి కండ్లద్దాలు కావాలె, అంతే.
తెల్లారి నుంచి కాలు లెక్కలు నేర్చింది.
మాసబ్‌ట్యాంక్ దిగుడుల బండిని జారనిచ్చేది,
సిగ్నల్ పచ్చగయ్యే టైముకు చేరేటట్టు
ఈడనే గుంజి పట్టేది.
టిఫిన్ డబ్బా పట్టుకొని ఉరికొచ్చేటోళ్లు
అద్దంల చిన్నగ, ఇంకింత చిన్నగ అయ్యేది.

నర్సుబాయి చెయ్యెత్తింది.
చూడనట్టు చూసిన.
ఆ యాళ్లకు రోడ్డు మీద ఇంకెవ్వరు లేరు,
చూడలేదని చెప్పుకోనీకి గూడ.

మూడు నెలలు వరుసగ నా పేరే.
కండ్లద్దాలొచ్చినయి.
పిల్ల వాటిలకెల్లి వాకిట్లకు చూసి
"బాపూ, ఆ వేపచెట్టుకు ఆకులు
వేరేవేరేగ ఉన్నయి" అన్నది.
అబద్ధమెందుకు, ఆనాడు కడుపు నిండింది.
ఇప్పటికీ ఆ పైసలను తిట్టబుద్ధి కాదు.

తర్వాత పథకం ఎత్తేసిన్రు.
నా పేరు తుడిచి అదే బోర్డు మీద
క్యాంటీన్ల ఉప్మా ధర రాసిన్రు.
మంచిదే, ఇగ ఆపుదామనుకున్న.

ఐదు పది. పిల్లరు కాడ
చెయ్యి లేచింది, గంప ఊగింది.
కాలు మొదటిసారి నన్నడిగింది:
ఎంత?

జవాబు వెతికేలోపల
బండి నాలుగు పిల్లర్లు దాటింది.
అప్పుడు ఆపిన. హారన్ గూడ కొట్టిన.
ఆమె ఉరకలేదు.
గంప సదురుకొని, నా వెనక వచ్చే
షేర్ ఆటోకు చెయ్యెత్తింది.