మూడు గోళ్ళు మిగిలాయి

సెతూబల్‌లో, చేపల రేవుకు ఎగువన మూడో వీధి.
డెయొలిండా గారి వంటింట్లో
నిన్నటి సార్డీన్ల పొగ ఇంకా గోడల్ని వదల్లేదు.
బల్ల మీద పాత నీలం తువ్వాలు,
గోళ్ళ కత్తెర,
నెత్తురు చిమ్మితే అద్దడానికి
సాసర్లో కాస్త మొక్కజొన్న పిండి.

"కానియ్, గ్రసియెట్. ఐదు నిమిషాల పనేగా."
ఇరవై రెండేళ్ళ నుంచి ఇంటింటికీ తిరుగుతూ
నేనూ అదే అనుకుంటూ వచ్చాను.

వాడి పేరు తొస్తావ్.
బూడిద ఒళ్ళు, ఎర్ర తోక,
ఇప్పుడెక్కడా చెల్లని ఓ నాణెం పేరు.
పంజరం తలుపు తీస్తే అరవలేదు, కరవలేదు.
"ఎంత బుద్ధిమంతుడో" అందావిడ.
నేను వంగి చూశాను.
ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి
వానలో తడిసిన చొక్కాలోని మనిషిలా
ఉన్నవాడు సగమయ్యాడు.
పసుపు కంట్లో నల్లపాప
మిరియమంతై, ఆవగింజంతై, మళ్ళీ మిరియమంతై.
ఒక కాలు కమ్మీని విడిచి
ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే ఉంది.

తువ్వాలు ఎత్తాను.
అప్పుడన్నాడు, ఆవిడ గొంతుతోనే,
ఆ కొంచెం జలుబూ ఆ గారమూ పొల్లుపోకుండా:
"అయిపోయింది నాన్నా, అయిపోయింది."

ఇంకా మొదలే పెట్టలేదు.

డెయొలిండా గారు పడీ పడీ నవ్వారు.
ఏటా నాలుగుసార్లు
చివరి గోరు తెగాక ఆవిడ అనే మాట అది.
ఆ మాట వినబడ్డాకే తువ్వాలు తొలగుతుంది.
వాడు లెక్క గట్టుకున్నాడు.
తాళంచెవి దొరికింది కదా అని
ముందే తిప్పి చూస్తున్నాడు.

అయినా చుట్టాను. అది కూడా చెప్పాలి.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోదానికి ముక్కు తెరిచి రొప్పడం మొదలెట్టాడు.
ఐదోదానికి నా అరచేతి కింద
గుండె కొట్టుకోవడం కాదు, ఒకటే జోరీగ మోత.

పాల్మేలాలో ఓ పచ్చటి బుడ్డ పిట్ట ఉండేది.
"ఇంకొక్కటే, ఇంకొక్కటే" అంటూ
రొమ్ము మీద నా బొటనవేలు ఎత్తలేదు.
ఎదురొమ్ము లేచి పడితేనే వాటికి ఊపిరి.
నాకు తెలుసు. అప్పటికే తెలుసు.
ఇంటివాళ్ళతో మాత్రం
పుట్టుకతోనే గుండెజబ్బు అని చెప్పి
డబ్బు తీసుకోకుండా వచ్చేశాను,
అదేదో పెద్ద ఉదారం లాగా.

తువ్వాలు విప్పేశాను.

"ఇంకా మూడున్నాయిగా!"
"ఉంటాయి."
"డబ్బు ఎనిమిదింటికీ ఇచ్చాను."
మూడింటి చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను.
వాడు పంజరం చివరి మూలకు పోయి
చాలాసేపు మమ్మల్ని చూడలేదు.
మేమూ వాణ్ణి చూడలేదు. కాఫీ తాగాం.
తర్వాత ఒక్కసారి ఒళ్ళంతా విదిలించాడు,
దుమ్ము దులిపిన దుప్పటిలా,
తెల్లటి పొడి ఎండలో లేచింది.
అప్పుడు నేనూ భుజాలు దించాను.

వెళ్ళేముందు చెప్పాను:
ఈ తువ్వాలును ఆ దూరపు కుర్చీకి వేసి ఉంచండి.
దాని మీద రోజూ ఒక అక్రోటు పలుకు.
వాడే వచ్చి తీసుకుంటే మర్నాడు కుర్చీని జానెడు జరపండి.
ఈకలు ఒంటికి అంటుకున్నాయా, మళ్ళీ జానెడు వెనక్కి.
ఆకురాయి చూపించండి, ఊరికే చూపించి దాచేయండి.
ఒక రోజుకి ఒక గోరు, ఒక్క గీటు.

"ఎన్నాళ్ళు పడుతుంది?"
"నన్నడుగుతారేం? వాణ్ణి అడగండి."

మెట్లు దిగుతున్నాను.
పైనుంచి కత్తెర చప్పుడు.
ఆగి సంచి తడుముకున్నాను. కత్తెర సంచిలోనే ఉంది.

టక్.
కాసేపటికి, టక్.
ఇంకా కాసేపటికి, తన ఇష్టం వచ్చినప్పుడు,
టక్.