హాజరు పలకని దీపం

మొగిలి ఘాటెక్కేటప్పుడు
నా శాంత్రో మూడు కాళ్ల మేక మాదిరి కుంటింది.
మీటర్ల మధ్యన మాత్రం ఒక్క దీపమూ వెలగలేదు.
అంటే అంతా బాగుండాదనే కదా అనుకున్నాను.
వెనక లారీవాడు హారన్‌తో
వేరే అర్థం చెప్పినాడు.

తెల్లారి మురకంబట్టు దగ్గిర గఫార్ షెడ్డు.
రోడ్డు పొడుగునా తోతాపురి ట్రాక్టర్లు,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా
ఎండకు మగ్గుతా కాయలు, కాయల పక్కన డ్రైవర్లు.
ఆ ఫ్యాక్టరీలో కాటా గుమస్తాను నేను.
లోడు కింద తడి గోనెలు దాచినా
టైరు కుంగుడు చూసి చెప్పేస్తాను.
అట్లాంటి నాకు
గుడియాత్తం బ్రోకరు ఏకాంబరం
పదహారేళ్ల బండిని అంటగట్టినాడు.
"ఒక్క లైటు కూడా రాదు సార్, చూసుకో" అన్నాడు.
చూసుకున్నాను.
నిజంగానే రాలేదు.

గఫార్ బానెట్ ఎత్తలేదు.
డ్రైవరు సీట్లో కూర్చుని తాళం సగం తిప్పి
మీటరు గాజు మీదికి వొంగినాడు,
రిజిస్టరు తెరిచిన అయ్యవారి మాదిరి.
బ్యాటరీ?
ఉండా సార్, అని ఎర్రగా.
ఆయిలు? ఉండా సార్.
హ్యాండ్ బ్రేకు? ఉండా.
ఇంజను?

తాళం ఆపి మళ్లీ తిప్పినాడు.
ఇంజను?

"మొగిలప్పన్నా,
తాళం తిప్పితే అన్నీ ఒకసారి వెలగాల.
బండి స్టార్టయినాక ఆరిపోవాల.
ఆరకపోతే నా దగ్గిర మందుండాది.
అసలు వెలగందానికి
ముందు దొంగను పట్టాల."

మీటరు డబ్బాను పన్ను పీకినట్టు పీకినాడు.
గాజు విప్పితే
చిన్న ఇంజను బొమ్మ మీద నల్లటి గోళ్లరంగు,
రెండు పూతలు, అంచు దాటకుండా.
ఏకాంబరం చేతులు గుర్తుకొచ్చినాయి, మొద్దు వేళ్లు.
ఇంట్లో ఏ బిడ్డనో సీసా అడిగి,
ఆ బిడ్డ చేతనే పూయించి ఉంటాడు.
"ఎంత నీటు పనో చూడన్నా" అని గఫార్ నవ్వినాడు.
నేనూ నవ్వినాను.

పోయినేడు ఇన్సూరెన్సు డాక్టరు
నా జబ్బకు పట్టీ చుట్టే రోజు
పొద్దున్నే రెండు బీపీ మాత్రలు మింగి పోయినాను.
నూట ఇరవై, ఎనభై.
వయసుకు మించిన ఆరోగ్యం అన్నాడాయన.
వచ్చే దోవలో పావు కిలో మైసూరుపాకు కొన్నాను.

ఇది గఫార్‌కు చెప్పలేదు.
థిన్నరు వాసన పడలేదని బయటికొచ్చి
ట్రాక్టర్లను లెక్కపెడతా నిలబడినాను.
పంతొమ్మిది.

"అన్నా, రా, మాట్లాడతాంది!"
పసుప్పచ్చగా, గబగబా మినుకుతా ఉంది ఇంజను బొమ్మ,
ఇన్నేళ్లు నోరు కట్టేసిన మనిషి
చెప్పాల్సిందంతా ఒకేసారి చెప్పబోయినట్టు.
స్కానరు తగిలిస్తే
మూడో సిలిండరు మిస్సు కొడతాంది.
కాయిలు పోయింది, ప్లగ్గు నల్లబడింది.
రెండువేల మున్నూరు.
ఇంకేదో సెన్సారు కూడా, అది వేలూరు నుంచి రావాల.

"సోమవారం దాకా ఈ దీపం ఆరదన్నా.
నిలకడగా వెలిగితే భయం లే, నిదానంగా తోలు.
మినుకుమన్నిందంటే మాత్రం
యాడుంటే ఆడ ఆపేయ్.
పెళ్లికి పోతాండా, పనికి పోతాండా అని చూసుకోవద్దు."

రాత్రి ఇంటికొచ్చినాను,
పసుపు దీపం దోవంతా నాతోనే.
గేటు కాడ బండి ఆపేసి
దిగబుద్ధి కాక ఊరికే తాళం తిప్పినాను.
బ్యాటరీ. ఆయిలు. హ్యాండ్ బ్రేకు.
ఇంజను.
నాలుగూ పలికినాయి.
మామిడి జిడ్డు పోని నా చొక్కా మీద
ఎరుపూ పసుపూ కలిసిన మరకంత వెలుగు.
లోపలినుంచి మా ఆడమనిషి
"వచ్చినావా?" అనింది.

ఉండా, అన్నాను.
అయ్యవారు ఇంకా రిజిస్టరు మూయలేదు.