పదకొండు సెకన్లు

కెమెరా వెనక నిలబడ్డవాడికి
ముందు తెలిసేది మొహం కాదు, చేతులు.
ఒంగోలులో మా ఇరుకు స్టూడియోలో
నిమ్మకాయలోకి రాగితీగ గుచ్చుతూ
రిబ్కా వేళ్లు వణికాయి మొదటి గురువారం.
"నా మీద వద్దు సత్తారూ, బల్బు మీద ఉండు."
ఉన్నాను. బల్బు వెలగలేదు.
కట్ చేద్దామని చెయ్యి ఊపాడు మేనేజరు.
ఆమె లెన్సులోకి సూటిగా చూసి
"వెలగలేదు.
ఎందుకో నేనూ కనుక్కుని వచ్చే వారం చెబుతా" అంది.
వచ్చే వారం ఆరు నిమ్మకాయలు, ఆరు జింకు మేకులు,
కందిగింజంత ఎర్రలైటు.
జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి
పప్పులోకి నిమ్మకాయ లేకుండా పోయిందో!

ఉత్తరాలు గోతాంలో వచ్చేవి.
చీర ఎక్కడ కొన్నారని నలభై,
పెళ్లయిందా అని పదిహేడు,
మా బోరునీళ్లు తాగితే పళ్లెందుకు గారపడతాయని
కనిగిరి వైపు నుంచి రెండు.
ఆ రెండూ ఆమె సంచిలోకి,
మిగతావి నా ఒళ్లోకి:
"పొయ్యి రాజేసుకోమను మీ ఆవిణ్ణి."
మర్నాడు తొలి బస్సులో మేమిద్దరం, ఖాళీ సీసాలు పద్నాలుగు.

ఏడో నెల కడుపుతో ఉండగా సూర్యగ్రహణం పడింది.
సెలవు పెట్టమన్నారు.
స్టూడియో మిద్దె మీద పీట వేసుకుని
ప్రత్యక్ష ప్రసారంలో
వంకాయలు తరిగింది,
కొడవలిపీట కింద నీడ ఎందుకు పల్చబడుతోందో చెబుతూ.
ఫోన్లు. తిట్లు. ఏడుపులు.
మా అమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.
బిడ్డ పుట్టాక రిమ్స్ వార్డుకి
ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు వరసకట్టారు.
"పెదివి చూపియ్యమ్మా" అన్నారు.
చూపించింది.
మొర్రి లేదు.
ఒక ముసలామె నమ్మక, బిడ్డ నోట్లో వేలు పెట్టి మరీ చూసింది.
"అదీ సైన్సే, తడిమి చూడ్డం" అంది రిబ్కా,
"కాకపోతే ముందు చెయ్యి కడుక్కోవాల."

పద్దెనిమిదేళ్లలో ఒక్కసారే ఆమె తడబడింది.
ఫోన్లో మార్కాపురం పిల్ల, అయిదో తరగతి.
"మేడం, మాయమ్మ పలకల మిషను కాడ పనికి పోతది.
రాతిపొడి ముక్కులోకి పోతే ఏమవుద్ది?"

రిబ్కా వాళ్లమ్మ సంతోషమ్మ
ఇరవైరెండేళ్లు పలకలు కోసింది ఆ ఊళ్లోనే.
అంచు విరిగిన పలకలు ఇంటికి తెచ్చేది,
వాటి మీదే కూతురికి అ ఆలు, ఎక్కాలు.
టీబీ అన్నారు. టీబీ మందులే మింగింది.
నలభైఒకటి నిండలేదు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.
ఆ సాయంత్రం చూసింది ఇదే:
నోరు తెరిచింది, మూసింది.
బల్ల మీద చేతులు బోర్లించింది.
నా వ్యూఫైండర్ మూలన అంకెలు కదులుతున్నాయి.
మూడు. అయిదు. ఎనిమిది.
ప్రకటన వెయ్యనా అని సైగ. వద్దన్నాను.
పదకొండు.
"అమ్మను రేపు ఆస్పత్రికి తీసుకుపోతావా?
నేను కూడా వస్తా" అంది.

ఆ టేపు మీద ఏడాది తిరక్కుండా
ఎవరి నగల దుకాణమో రికార్డు చేసేశారు.

మొన్న వేరే పని మీద మార్కాపురం పోయాను.
రంపాల దగ్గర ముగ్గురు ఆడవాళ్లు
ముక్కులకు తడిగుడ్డలు కట్టుకున్నారు.
ఎవరు చెప్పారని అడిగితే
"ఎవురూ చెప్పలా.
టీవీలో ఆయమ్మి ఊరకుండిపోయింది సూడు,
అప్పుడే అర్థమైంది మాకు."

ఫోన్ చేసి చెప్పాను, పొంగిపోతుందని.
కాసేపు ఏమీ వినపడలేదు.
లెక్కపెట్టబోయాను.
"గుడ్డ చాలదు సత్తారూ,
ఆ పొడి గుడ్డలోంచి కూడా దూరుద్ది.
రంపం మీద నీళ్లు పడాల, ధారగా, కోసినంతసేపూ.
ఓనరు నంబరు తీసుకున్నావా?"

తీసుకోలేదు.
మళ్లీ బస్టాండుకి పోతున్నాను.