మూడు రాళ్లు, ఒక చలికాలం

సెద్రాక్ కొట్టులో రాళ్లు వరసగా నిలబడి ఉంటాయి
బడి ఫోటోకి నిలబడ్డ పిల్లల్లా, పొట్టివి ముందు.
గులాబీ రంగుది, నల్లది, కుంకుమపువ్వు ఛాయది.
మూడూ అరగాత్స్ కొండ కక్కినవేనట,
ఏ పూట కోపం ఆ పూట రంగు.

"ఏది కావాలి షోగెర్?"

ముప్పై ఐదేళ్లు రేకు పెట్టెలో కాపురమున్నదాన్ని.
గ్యుమ్రి నేలకూలిన ఆ డిసెంబరు తర్వాత
రైలు మీద వచ్చింది ఆ పెట్టె.
"రెండేళ్లు సర్దుకోండి" అన్నారు.
వాన పడితే లోపల మాట వినపడేది కాదు.
మా వాజ్గెన్ నాతో ప్రేమగా ఒక మాటంటూ అని ఉంటే
వడగళ్ల రోజునే అన్నాడేమో.

అందుకే తొందరపడలేదు.
మూడింట్లో తలో ముక్కా అడిగి
రొట్టెలా గుడ్డలో చుట్టుకుని తెచ్చాను.
పెట్టె పైకప్పు మీద పెట్టాను, మంచు కింద.
"నేరేడు కాదు, ఆప్రికాట్లూ కాదు,
రాళ్లు ఎండబెట్టుకుంటోంది చూడండి"
అని నవ్వింది పక్కింటి వార్సెనిక్.
మా మరిది ఫోన్లో అన్నాడు:
"ఊరి రాయెందుకు వదినా,
పై దేశపు గ్రానైట్ వేయించు, అద్దంలా మెరుస్తుంది."
నా మొహం నేను చూసుకోవడానికి
గోడ కట్టుకోవాలా?

మంచు కరిగింది. నిచ్చెన ఎక్కాను.
కుంకుమపువ్వుది పట్టుకోగానే
పొరలుగా ఊడి, పిండిలా చేతికంటింది.
నల్లది గట్టిదే. కానీ తొలి ఎండకే పెనంలా కాలింది.
గులాబీది పెట్టినచోట పెట్టినట్టే ఉంది.
దాని చిల్లిలో ఒక సాలీడు
నన్నడక్కుండానే గృహప్రవేశం చేసేసింది.

గుండె రాయి చేసుకో అన్నారు ఆ ఏడాది అందరూ.
ఏ రాయి అని అడగడం అప్పుడు తోచలేదు.
ఈ రాయైతే పర్లేదు.
ఒళ్లంతా చిల్లులు. మేకు దిగుతుంది.
నీళ్లు తాగుతుంది,
ఎండ రాగానే ఎవరికీ చెప్పకుండా వదిలేస్తుంది.

సెద్రాక్ సుత్తితో తట్టాడు ఒక్కొక్కదాన్నీ.
మోగినవి ఇటు, దగ్గినవి అటు.
నీళ్లు చల్లి చూపించాడు,
వానాకాలం ఇల్లు ఏ రంగులో ఉంటుందో.
కొండలో ఎలా పడుకుందో
గోడలోనూ అలాగే పడుకోబెట్టాలన్నాడు,
పసిపిల్లని ఉయ్యాల మార్చినట్టు.

అన్నీ విన్నాక అడిగాను:
"సిమెంటు ఎంత, ఇసుక ఎంత?"

సుత్తి కింద పెట్టాడు.

"ఆ రోజు చంపింది రాళ్లు కాదు సెద్రాక్.
రాళ్ల మధ్య ఉండాల్సింది
ముందే ఎవరింటికో వెళ్లిపోయింది."

చాలాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు.
వాళ్ల నాన్న ఆ రోజుల్లో మేస్త్రి.
నేనది మర్చిపోయి అడగలేదు.

"మీరే నిలబడి కలిపించుకోండి," అన్నాడు చివరికి.

శనివారం మొదటి వరస.
బకెట్లు నేను లెక్కపెడతాను.
వార్సెనిక్ కూడా వస్తానంది,
తన లెక్క తను పెట్టుకోవడానికి.