నలుపు చాల్లేదు

తలకోన కింద, బాకరాపేట దారిలో
మూడు లారీలు దిగినాయంట:
గొడుగులు, పెద్దపెద్ద అద్దాలు,
ఒక పెట్టె నిండా కోడీకలు.
మనుషులు కావాలన్నారు. మా అబ్బ పోయినాడు.
రోజుకు ముప్పావలా, ఆకులో పులిహోర.

మా అబ్బ పోలయ్య
వానకు తడిసిన చింతబోదె మాదిరి ఉండేవాడు.
అట్లాంటోణ్ణి ఎండలో నిలబెట్టి
తెల్లగుడ్డల అయ్య ఒకాయన
గాజుకంట్లోంచి చూసి
"నలుపు చాల్లేదు" అన్నాడంట.
ఇంక చూస్కో, బొగ్గుమసి, ఆముదం,
చెవుల వెనకదాకా.
మెడలో సున్నంతో చేసిన పుర్రెలు.
"నా మొగుణ్ణి నేనే ఆనవాలు పట్టలే"
అని మా జేజి చెప్పి చెప్పి నవ్వేది.
నవ్వు అయిపోయినాక
బుగ్గన పెట్టిన వక్క కొరకడం మర్చిపోయేది.

మాటలేం చెప్పాల సామీ, అని అడిగినాడు అబ్బ.
అడగడం తెలుగులోనే.
మాకు ఇంకో భాష లేదు.
చీమనీ చినుకునీ తేలునీ
మీరు పిలిచే పేరుతోనే పిలుస్తాం;
తేనెపట్టుకు మాత్రం
మీకు లేని పేర్లు నాలుగు మా దగ్గరుండాయి.
ఆ అయ్య కాగితాలు తిరగేసి చెప్పినాడు:
"హుంబా హుంబా. అంతే. గట్టిగా."

ఒక్క పూటలో
నోట్లో ఉన్న తెలుగు తోడి పారబోసి
గులకరాళ్ళు పోసినారు.

కథేందంటే,
దారి తప్పిన జమీందారు బిడ్డను గుంజకు కట్టి
మావాళ్ళు చుట్టూ ఎగరాల.
ఈటె ఎత్తేసరికి హీరో ఊడిపడాల.
మావాళ్ళు చావాల.
అబ్బ రెండుసార్లు చచ్చినాడంట,
మొదటిసారి సరిగ్గా పడలేదని.

పాకాల టెంటులో ఆ బొమ్మ ఆడిననాడు
నేల టికెట్టుకు పోయి
ఇసక కుప్ప చేసుకోని కూర్చున్నారు మావాళ్ళు పదైదుమంది.
తెరమీద అబ్బ అరిచినాడు, హుంబా.
టెంటంతా ఒకటే నవ్వు.
కింద అబ్బ లేచి నిలబడి
తన నీడే తెరమీద పడుతుంటే
అసలు మాట చెప్పినాడు:
"దారి తప్పినారా తల్లీ?
కూర్చోండి. కుండలో నీళ్ళుండాయి.
పొద్దుగూకే లోపల రోడ్డెక్కిస్తాం."
వెనకనించి ఎవరో,
"కూర్చోరా హుంబా!"

అబ్బ కూర్చున్నాడు. ఆ పేరు కూర్చోలేదు.
రేషన్ షాపు వరసలో మా నాయన్ను పట్టుకుంది.
బియ్యం మిల్లులో మూటలు పోయినరోజు
పోలీసాయన మొదట అడిగింది
హుంబా కొడుకు ఇల్లెక్కడని.
నాయన కుడిచేతి రెండువేళ్ళు
అప్పట్నించీ ముడుచుకోవు.
ఆ బొమ్మ ఇప్పుడు యాడా లేదు,
మద్రాసులో గోడౌనుతోపాటు కాలిపోయిందంటారు.
కాలింది రీలు.

నేను తెలుగు టీచర్ని.
సంధులు విడదీస్తాను, గురువులూ లఘువులూ లెక్కేయిస్తాను.
చిత్తూరులో అద్దెకు ఇల్లడిగితే
"మీ మాట వింటే అట్లా అనిపించరే!"
అని మెచ్చుకున్నారొకరు.
ఇల్లు మాత్రం ఇవ్వలేదు.

నిన్న మా వాగ్దేవి బడినించి ఎగురుకుంటా వచ్చింది.
వార్షికోత్సవంలో అడవి డాన్సంట.
వేపమండలు, ప్లాస్టిక్ ఎముకలు,
మనిషికొక నల్లరంగు డబ్బా తెచ్చుకోవాలంట.
"నన్ను మాత్రం రంగు కొనొద్దంది మా మిస్సు.
నీకక్కర్లేదులే అంది."
అరవై రూపాయలు మిగిలినాయని
బిడ్డ సంతోషం.

అబ్బకు చాలని నలుపు
దీనికెట్లా సరిపోయిందో లెక్క తేలక
సంగటి పిసికే చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.
"నీ మాటలేందే?" అన్నాను కాసేపటికి.
"మాటల్లేవు మా. హుంబా, అంతే."

రాత్రి అబ్బ మాటలు దానికి నేర్పినాను.
రెండోసారి చెప్పే పని పడలేదు.
పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకోని
అద్దానికి చెప్తా ఉంది, నురగ కారుతుంటే:
కూర్చోండి. కుండలో నీళ్ళుండాయి.

డాన్సు శనివారం.
ఆ మైకు
దాని ఎత్తుకు దించుతారో లేదో.