తరుగు

గుంటూరు మిర్చి యార్డులో
గేటు దాటగానే మొదటి తుమ్ము.
హాజరు పట్టీలో సంతకం లాంటిది అది.
చేతిలో నా ఫారం, పన్నెండు పేజీలు,
ముక్కుకి అడ్డం చున్నీ.

దేశాలన్నీ వరసలో నిలబడతాయట.
ఎవరెంత సంపాదించారో, సంపాదిస్తూ
ఎంత అడవిని, ఎంత ఏటిని, ఎంత గాలిని
చెడకుండా మిగుల్చుకున్నారో చూసి
నూటికిన్ని అని మార్కులు వేస్తారట.
మన జిల్లా వంతు గళ్ళు నేను నింపాలి:
యార్డుకొచ్చిన టిక్కీలు ఎన్ని,
బోరు ఎంత లోతు,
మందు ఎన్నిసార్లు కొట్టారు.

కాటా దగ్గర షేక్ బాజీ.
ముప్పై ఒక్క ఏళ్ళుగా తూకం మనిషి,
కనుబొమల్లో కూడా ఎర్ర పొడి.
నా ఫారం అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాడు,
చదువు రాక కాదు, కళ్ళజోడు తేక.
"ఇంతకీ అమ్మా, తరుగు ఎంత తీస్తారు?"

దేనికి, అన్నాను.

"దేనికేంటి! గోనెకి తరుగు, తేమకి తరుగు,
తాలుకాయ వేరే రాశి.
ఎర్రకాయలో తాలు కలిపి తూస్తే
ఖరీదుదారు ఊరుకుంటాడా?
మరి మీ దేశం తూకంలో
ఎండిన బోరు ఎవరి లెక్కలో పోద్ది?"

మూడో పేజీ తీసి చూపించాను.
ఉంది, దానికో గడి: భూగర్భ జలం, మీటర్లలో.
"అయితే రాయండి" అన్నాడు.
పక్కన బస్తా మీద కూర్చున్న
మేడికొండూరు రైతు కోటిలింగం
"రెండొందల ఎనభై దాకా దింపాను" అన్నాడు,
కొడుకు చదువుకి ఎంతయిందో చెప్పినట్టు
సగం గొప్పగా, సగం దిగులుగా.
అడుగులవి. మీటర్లు చేశాను. ఎనభై అయిదు.
మార్చగానే
గొయ్యి కొంచెం పూడినట్టనిపించింది.

గోడ నీడలో తొడిమలు తీసే ఆడవాళ్ళు.
వేళ్ళ మంటకి గడి లేదు,
పన్నెండు పేజీలూ వెతికాను.
సౌభాగ్యం అనే ఆవిడ
ఇంటికెళ్ళి మజ్జిగతో చేతులు కడుక్కుని
అరగంట ఆగి గానీ
చంటిదాన్ని ముట్టుకోదట.
ఆ అరగంటని ఎక్కడ రాయను?
ఉపాధి గడిలో
'ఒకటి' అని వేశాను.

సాయంత్రం వేలం అయిపోయింది.
"ఖాళీ కాటా చూడండి" అన్నాడు బాజీ.
ఎర్ర అంకెలు: నూట అరవై గ్రాములు.
పళ్ళెం మీద గింజలు, దుమ్ము, తెగిన పురికొస.
చీపురుతో ఊడ్చి, మీట నొక్కాడు.
"ఇది సున్నా చేసుకోకపోతే
రోజంతా తూచినా అబద్ధమే.
మీరు ఏ ఏడాదిని సున్నా అనుకున్నారు?"

మొదటి పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో,
ఆధార సంవత్సరం: రెండు వేలు.
చదివి వినిపించాను.

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.
"అప్పటికే మా నాన్న వల అమ్మేశాడు.
వాగులో చేపలు పోయి నాలుగేళ్ళు.
అదంతా మీ సున్నాలో సర్దుకుపోయిందన్నమాట."
కోపం లేదు.
బస్తా బరువు కేకేసినట్టే చెప్పాడు.

రిమార్కుల గడిలో రెండు గీతల చోటు.
'తరుగు తీయలేదు' అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

మర్నాడు సూపరింటెండెంట్ గారి ఫోను:
"చివర్లో ఏదో రాశారు, ఏంటది?
మిర్చి బస్తాల సంగతా?"

అవునండీ, అన్నాను.
మిర్చి బస్తాల సంగతే.