బోర్లించిన కుండ కింద

లోపలి డబ్బా పెయింటుది, బయటిది నూనెది.
ఒకదాంట్లో ఒకటి దించి అంచు అతకడానికి
రావులపాలెం వెల్డింగు షాపులో మూడు మధ్యాహ్నాలు.
అడుగున పదహారు కన్నాలు,
మెడ చుట్టూ ముప్పై రెండు.
కింది గాలి మట్టముక్కని మగ్గబెడుతుంది,
పై గాలి దాని పొగని మండిస్తుంది.
కాయితం మీద ఇంతే.

"పైనుంచి అంటిస్తారా?" నవ్వింది వీరవేణి.
"ఆయ్, మా ఇంట్లో ఏ పొయ్యీ
నెత్తిమీంచి రాజుకోలేదండి."

మొదటిరోజు అది రాజుకోనూ లేదు.
పొగ అరటితోట దాటి గట్టెక్కితే
గడ్డిమేటు అంటుకుందనుకుని
చిట్టబ్బులు బిందెతో పరిగెత్తుకొచ్చాడు.

పీచు కుక్కితే గాలాడలేదు.
ఊక పోస్తే ఫ్యాను కావాలి,
ఫ్యానుకి కరెంటు కావాలి,
కరెంటుకి బుద్ధి పుట్టాలి.
చివరికి కొబ్బరిమట్టే, కణుపంత ముక్కలుగా,
రెండెండలు కాదు, నాలుగు:
లంకల మీంచి వచ్చే గాలికే ఇక్కడ తడి.

తొమ్మిదోసారి
మెడ దగ్గర ముప్పై రెండు నాలికలు లేచాయి,
అంచుల్లో నీలం.
వీరవేణి పెంకుల వైపు చూసింది,
ఇరవయ్యేళ్ల మసి వైపు.
"పొగేదండి?"
"పొయ్యే తినేసింది."
ఆవిడ కళ్లు తుడుచుకుంది. అలవాటు.
తడి లేదు.

అప్పుడు కుండ బోర్లించాం.
గుడ్డ పిండిలో ముంచి, వీపు మీద ఒక్క లాగు.
రేకు లేచింది,
నడుమ రూపాయంత మాడు.
"బొడ్డు కాలుతోందండి. నాకు పొట్టంతా కావాలి."
నా థర్మామీటరు రెండొందల పది అంది.
ఆవిడ పిండిచుక్క చిలకరించి, చెవి ఒగ్గి,
"పక్కలింకా పచ్చి" అంది.
నా పుస్తకంలో ఆ చప్పుడుకి గడి లేదు.
గీశాను.

పాత బాణలి మూతకి చీలికలు కోసి
మంట మీద పెట్టాను, మళ్లీ కోశాను,
ఒకటి వంకర పోయింది, ఒకటి కరిగింది.

ఇరవై ఒకటోసారి,
వరసగా అరవై నాలుగు రేకులు.
ఆవిడ లెక్కపెట్టలేదు, నేను పెట్టాను.
ఆవిడ దగ్గలేదు. అదీ నేనే లెక్కపెట్టాను.

ముప్పై ఎనిమిదో నిమిషంలో
మంట ఒక్కసారి పైకెగిరి
ఎర్రబొగ్గై కూర్చుంది.
ఆవిడ చెయ్యి దానంతటదే
పక్కనున్న ఎండాకు అందుకుంది,
దూర్చడానికి సందు వెతికింది,
డబ్బా చుట్టూ తిరిగి
వెనక్కొచ్చింది.
"మధ్యలో ఆకలేస్తే దీనికెలా పెట్టాలండి?"

పై పెట్టుకి రెండో పొయ్యి, అన్నాను.
"రెండు పొయ్యిలకి ఒకటే కుండ" అంది.

ఆ మాటే పుస్తకంలో రాసుకున్నాను.
సిరా ఆరకముందే ఆఖరి రేకు
దాని మీద పరిచింది, రుచి చూడమని కాదు,
చూడమని.
లోపల్నించి నా అక్షరాలన్నీ కనబడుతున్నాయి,
కొట్టివేతలతో సహా.

విరగకుండా తియ్యడం నాకు రాదు.
ఆవిడే తీసింది.